నంబరు 2117కు సవరణ

కీబోర్డు మీద రొయ్యల వాసన వస్తోందని శ్రీనివాసరాజు ఆ గురువారం కూడా భార్యతో అన్నాడు. "చేతులు కడుక్కుని కూర్చోవచ్చు కదా సత్యా, పెద్దింటివాళ్లు వచ్చే చోటు" అని మోటారు సైకిలు తాళాలు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. శ్రీసత్య కడుక్కునే కూర్చుంది. సబ్బుతో ఒకసారి, చింతపండుతో ఒకసారి. కేజిన్నర రొయ్యలు వలిచి, నరాలు తీసి, పసుపు వేసి కడిగి, ఆయనకీ ఆయన నలుగురు స్నేహితులకీ ఇగురు చేసిపెట్టిన చేతులకి ఆ మాత్రం వాసన ఉండదా? తిన్నవాళ్ల చేతులు మాత్రం గంధం పూసుకున్నట్టుంటాయి కాబోలు. అయినా ఆ వేళ ఆమెకి కోపం రాలేదు. చెయ్యబోయే పని ముందు ఈ మాటొక లెక్కలోది కాదు.

భీమవరంలో ఆ ఇంటి వీధిగదే సంబంధాల ఆఫీసు. రాజుల కుటుంబాలకి పెళ్లి సంబంధాలు చూపించడం మామగారి నాటి నుంచి ఉన్న పని. ఆయన ఫొటోలు, జాతకాలు చేతిసంచీలో పెట్టుకుని ఊళ్లు తిరిగేవారు. ఆయన పోయాక శ్రీనివాసరాజు కంప్యూటరు కొన్నాడు. కొన్నాడే గాని దాంతో ఏం చెయ్యాలో తెలియదు. రెండువేల మూడులో ఒక రోజు సరదాపడి, అరవైమంది అడ్రసులు ఒకే వరసలో పెట్టి వధూవరుల వివరాలు మెయిల్లో పంపేశాడు. అందరి పేర్లూ అందరికీ కనిపించాయి. మారు సంబంధం గుట్టుగా వెతుక్కుంటున్న ఒకాయన సంగతి ఊరంతా పాకింది. ఆ వారమే రెండువందలమందికి పంపబోతే, చెత్త పంపుతున్నాడని మెయిలు కంపెనీవాళ్లు ఖాతా మూసేశారు. భార్య ఎంసీఏ చదివిందన్న విషయం ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది.

తొమ్మిది నెలలు పట్టింది ఆమెకి. అందరి భోజనాలూ అయ్యాక, సాయంత్రం టిఫిన్లకి ముందు దొరికే రెండు మూడు గంటల్లోనే అంతా. ప్రతి మెయిలూ ఒక్కొక్కరికి విడిగా, వాళ్ల పేరుతో వెళ్లాలి. ఒకదానికీ ఒకదానికీ మధ్య నాలుగు సెకన్లు ఆగాలి, లేకపోతే అవతలివాళ్లు మళ్లీ తలుపు మూసేస్తారు. తిరిగొచ్చేవాటిలో అడ్రసు లేనివి వేరు, పెట్టె నిండిపోయినవి వేరు. లేనివాళ్లని తీసెయ్యాలి, నిండినవాళ్లకి మూడుసార్లు ప్రయత్నించాలి. అన్నిటికంటే ఏడిపించింది కరెంటు. పోయిందంటే ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు, కొందరికి రెండుసార్లు వెళ్లేది, కొందరికి అసలు వెళ్లేది కాదు. చివరికి అదీ కుదిర్చింది. కంప్యూటరు మళ్లీ వెలిగి ఫోను లైను కలిస్తే చాలు, ఎవరూ చెప్పకుండానే ఆగిన చోటు తర్వాతి పేరు నుంచి మొదలవుతుంది. పని పూర్తయ్యేదాకా వదలదు. మొదటిసారి నాలుగువేల మందికీ ఒక్కటి తప్పకుండా వెళ్లిన రోజున ఆమె చిన్నపిల్లలా వంటింట్లోకి పరిగెత్తింది. అత్తగారు సూర్యావతి, "అవునా? పాలు పొంగిపోయాయి చూసుకున్నావా?" అన్నారు.

వచ్చినవాళ్లతో శ్రీనివాసరాజు, "కొత్త సిస్టమ్ పెట్టించానండి, దెబ్బకి నాలుగువేల ఇళ్లకి వెళ్లిపోద్దండి. మా ఆవిడ టైపు చేస్తుంది" అనేవాడు. పెట్టించాడట! ఎవరి చేత? ఒకసారి పాత ఫైళ్లు ఎక్కిస్తుంటే ఆమె బయోడేటా కూడా కనిపించింది. మామగారి చేతిరాతలో, ‘ఎంసీఏ. ఉద్యోగం చేయాలన్న పట్టుదల లేదు’ అని ఉంది. ఆ మాట తను ఎప్పుడు అన్నదా అని చాలాసేపు ఆలోచించింది. అననే లేదు. ఆమెని ఎవరైనా అడిగితే కదా!

ఆ సిస్టమ్ గురించి అడిగిన మనిషి ఒకే ఒక్కతి. రెండు నెలల కిందట తణుకు నుంచి తల్లితో కలిసి పేరు నమోదు చేయించుకోవడానికి వచ్చిన హిమబిందు. అక్కడి కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. "ఇంతమందికి విడివిడిగా ఎలా పంపుతున్నారండీ? మధ్యలో కరెంటు పోతే?" అని కుర్చీ దగ్గరికి లాక్కుంది. శ్రీసత్య చెబుతుంటే, "అబ్బ, మీరే రాశారా అండీ!" అంది. ఆ ‘మీరే’ అన్న మాట శ్రీసత్య రెండు రోజులు మనసులో దాచుకుని తిరిగింది. హిమబిందు కొత్తగా చేరింది కాబట్టి లిస్టులో చివరెక్కడో, నాలుగువేల నూట మూడో పేరు. మెయిలు రోజూ సాయంత్రం కాలేజీలో చూసుకుంటానని చెప్పి వెళ్లింది.

భర్త ఆ సిస్టమ్‌లో ఒక్క విషయం మాత్రం చెయ్యనివ్వలేదు. పెళ్లిళ్లయిపోయినవాళ్లని లిస్టులోంచి తీసేద్దామండీ అని ఏడాదిగా అడుగుతోంది. "బోర్డు మీద నాలుగువేల మంది సభ్యులని రాయించాను. రెండువేలని దిద్దించమంటావా?" అని కొట్టిపారేశాడు. తప్పులు దిద్దడంలో మాత్రం మహా పట్టింపు. ఒకసారి ధనంజయ గోత్రమని ఉండాల్సింది కాశ్యపమని పడితే అన్నం ముందు నుంచి లేచొచ్చి, "ఇప్పుడే సవరణ పంపు, అందరికీ. మన మాట మీద నమ్మకం పోతే ఇంకేముంది?" అన్నాడు. ఆమె గంటలో పంపింది.

మూడు వారాల కిందట అందరికీ వెళ్లిన వరుడి వివరాలు నంబరు 2117, ఫణీంద్రవర్మవి. విశాఖలో రొయ్యల ఎగుమతి. మొదటి సంబంధం. కాగితం మీద భర్త రాసిచ్చింది రాసిచ్చినట్టే ఆమె ఎక్కించింది. హిమబిందువాళ్లకి ఆ సంబంధం నచ్చింది, చూపులూ అయ్యాయి. ఆ వారమే సోమవారం మధ్యాహ్నం, వచ్చిన జవాబులు ఆమె ఒక్కతే కూర్చుని చదువుతుంటే, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు ఉత్తరం ఒకటి కనిపించింది.

‘నమస్తే అండి. నా పేరు భవ్య. మీ 2117 నా భర్త. నాలుగేళ్ల కిందట మీ ఆఫీసు ద్వారానే మా పెళ్లయింది. అందుకే కాబోలు మీ మెయిళ్లు నాకింకా వస్తున్నాయి. విడాకుల కేసు, కొట్టిన కేసు రెండూ కోర్టులోనే ఉన్నాయి. నాకు ఎడమ చెవి ఇప్పుడు వినిపించదు. మొదటి సంబంధం అని చూసి నవ్వొచ్చింది, తర్వాత భయం వేసింది. ఇది మనుషులు చదువుతారో మిషనే చదువుతుందో తెలియదు. మనుషులైతే, ఇంకో పిల్లకి చెప్పండి. కేసుల నంబర్లు కింద రాశాను.’

శ్రీసత్య మూడుసార్లు చదివింది. భర్త రాగానే చూపించింది. ఆయన నిలబడే చదివి, "ఆ పిల్ల పేరు లిస్టులోంచి తీసెయ్" అన్నాడు.

"ఎవరి పేరండీ? ఫణీంద్రవర్మగారిదా?"

"నీకు మతిపోయిందా? ఈ భవ్యది. పెళ్లయినవాళ్లని తీసేద్దామని నువ్వే కదా గోల పెట్టావు."

"ఆయనకి పెళ్లైందని మీకు తెలుసా?"

"మా నాన్నగారు కుదిర్చిన పెళ్లి నాకు తెలీదేంటి? రెండోదని రాస్తే ఎవరు చూస్తారు? విడాకులే రాలేదు కాబట్టి రెండోదని రాయడానికీ లేదు. పెద్దవాళ్ల మధ్య సర్దుబాటు జరుగుతోంది. నువ్వు టైపు చేసే పని చూసుకో."

మర్నాడు హిమబిందు తల్లితో వచ్చింది, ఆదివారం తాంబూలాలు పుచ్చుకోవడానికి మాట అనుకోవాలని. శ్రీసత్య కాఫీలు తెచ్చింది. "మీ దగ్గర్నుంచి వచ్చిన సంబంధం కదండీ, ఇంకా వాకబు ఎందుకండీ" అంటోంది తల్లి. "ఆయ్, బంగారంలాంటి కుర్రాడండి, మా ఇంట్లో మనిషిలా తెలుసండి" అన్నారు సూర్యావతి. హిమబిందు మాత్రం ట్రే పట్టుకున్న శ్రీసత్య వంక తిరిగి, "మీరేమంటారండీ? వివరాలన్నీ ఎక్కించేది మీరే కదా" అని నవ్వింది. భర్త చూపు, అత్తగారి చూపు రెండూ వచ్చి శ్రీసత్య మీద ఆగాయి. ఆమె చూపు ట్రే మీదికి దించుకుంది. "కాఫీ చల్లారిపోతుందండి, తీసుకోండి" అంది. అంతే అంది. వాళ్లు వెళ్లాక పెరట్లో గిన్నెలు తోముతూ తనని తాను ఎన్ని తిట్లు తిట్టుకుందో! ఎవరైనా తనని అడగాలని ఇన్నేళ్లూ ఎదురుచూసింది, అడిగిన రోజున కాఫీ అంది.

తణుకు ఫోన్ చేద్దామంటే, వేరే ఊళ్లకి కలవకుండా ఇంటి ఫోనుకి వేసిన ఎస్టీడీ తాళం నంబరు భర్తకి తప్ప ఎవరికీ తెలియదు. హిమబిందుకి ఒక్కదానికే మెయిలు పంపొచ్చు. కానీ ఈ పిల్ల తప్పుకుంటే 2117 ఇంకో ఇంటికి వెళ్తుంది, ఆ ఇంట్లో ఇంకెవరో కాఫీ తాగుతారు. పంపిన తప్పు నాలుగువేల ఇళ్లకి వెళ్లింది, దిద్దుబాటూ అన్ని ఇళ్లకీ వెళ్లాలి. గోత్రానికున్నపాటి విలువ ఒక ఆడదాని చెవికి లేదా?

అందుకే ఆ గురువారం, ఒంటిగంటన్నరకి, రొయ్యల వాసన చేతులతోనే రాసింది. ‘సవరణ. నంబరు 2117 వివరాల్లో మొదటి సంబంధం అన్నది తప్పు. ఈ వరుడికి నాలుగేళ్ల కిందట మా ద్వారానే పెళ్లయింది. విడాకుల కేసు, భార్యని కొట్టిన కేసు కోర్టులో ఉన్నాయి. వాటి నంబర్లు కింద ఉన్నాయి, విచారించుకోగలరు.’ ఇన్నాళ్లూ ప్రతి మెయిలు కిందా ప్రొప్రయిటర్ శ్రీనివాసరాజు అని ఉండేది. అది కొట్టేసి ‘శ్రీసత్య, ఎంసీఏ’ అని రాసింది. తర్వాత భవ్యకి ‘మనుషులే చదివారండి’ అని విడిగా ఒక ముక్క పంపి, సిస్టమ్ మొదలుపెట్టి, టిఫినుకి పిండి కలుపుకోవడానికి వెళ్లింది.

పావుతక్కువ ఐదుకి మోటారు సైకిలు గేటుని గుద్దుకుంటూ ఆగింది. హైదరాబాదులో ఎవరో చదివి సెల్‌కి ఫోన్ చేశారట. శ్రీనివాసరాజు చెప్పులతోనే లోపలికొచ్చి ఫోను వైరు గోడలోంచి ఊడబీకాడు. మెయిన్ స్విచ్ ఆపాడు. తర్వాత వంటింట్లోకొచ్చి శ్రీసత్యని కొట్టాడు. పిండి గిన్నె దొర్లిపోయింది. సూర్యావతి లేచి, "ముందు వీధి తలుపు వెయ్యరా, పక్కవాళ్లకి వినిపిస్తుంది" అన్నారు. కొడుకు చెయ్యి పట్టుకోలేదు.

"ఎన్ని వెళ్లాయి?"

"రెండువేల ఆరువందల పైన."

"తణుకువాళ్లకి వెళ్లిందా?"

"లేదండి. వాళ్లు చివర్లో ఉంటారు."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "ఆగిపోయినట్టేనా?"

"వైరు లాగేశారు కదండీ. ఆగింది."

హిమబిందుని ముందు పెట్టి ఉండాల్సింది. ఆ ఆలోచనే తట్టలేదు. వరస తప్పి ఎవరికీ పంపే అలవాటు లేక చేసిన తెలివితక్కువ పని. వెళ్లిన రెండువేల ఆరువందలమందిలో ఒక్కరైనా తణుకు ఫోన్ చేస్తారా? మనకెందుకులే అనుకునే పెద్దమనుషులే అందరూ. శ్రీనివాసరాజు ఫణీంద్రవర్మకి ఫోన్ చేసి, "ఆపేశానండి, వాళ్లకి చేరలేదండి, ఆదివారం ఆదివారమేనండి" అని చెప్పడం ఆమె నేల మీద పిండి ఎత్తుతూ విన్నది. ఎడమ చెవిలో గుయ్యిమంటూ ఒకటే మోత. కుడి చెవితోనే విన్నది. భవ్యకి కూడా మొదట్లో ఇలాగే ఉండి ఉంటుంది.

మర్నాడు భోజనాలయ్యాక ఆయన వీధిగదిలోంచి కేకేశాడు. "ఇవాళ్టి నుంచి నువ్వీ కుర్చీలో కూర్చోకు. మెయిలు చూసుకోవడం నాకూ వచ్చు. నువ్వు లేకపోతే ఆఫీసు ఆగిపోద్దనుకున్నావేమో!" మెయిన్ స్విచ్ వేశాడు. ఫోను వైరు తనే గోడలోకి నెట్టాడు. కంప్యూటరు వెలిగింది. కాసేపటికి లైను కలుస్తున్న ఈల వంటింటి దాకా వినిపించింది. శ్రీసత్య చేతిలో గరిటె ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"కాఫీ తే" అన్నాడాయన.

తీసుకెళ్లింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఫోను చేసి తిట్టినవాళ్లకీ మెయిల్లో తిట్టినవాళ్లకీ ఒంటివేలితో వెతుక్కుంటూ క్షమాపణలు కొడుతున్నాడు. యాభై దాకా ఉన్నాయి, ఆ వేలికి సాయంత్రమే అవుతుంది. తెర మీద కుడి మూల చిన్న అంకె మారుతోంది. రెండువేల ఆరువందల నలభై మూడు. నలభై నాలుగు. తణుకు పేరు రావడానికి ఇంకా గంటన్నర పైన పడుతుంది. ఆపాలంటే ఎలా ఆపాలో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. ఒక్క మాట చెబితే ఆగిపోతుంది, రేపటికి అందరూ ఆమెని క్షమించేస్తారు కూడా.

శ్రీనివాసరాజు వేలు ఆపి తెర దగ్గరికి వంగాడు. "ఈ మూల ఏదో తిరుగుతోంది. ఏంటది?"

భర్త చూపు, వాకిట్లోంచి అత్తగారి చూపు వచ్చి శ్రీసత్య మీద ఆగాయి. ఈసారి ఆమె చూపు దించుకోలేదు.

"కాఫీ చల్లారిపోతుందండి, తీసుకోండి" అంది.