పళ్ళతో విన్న ఇంజను

తెనాలి చెంచుపేటలో బసవలింగం ఇంటి పెరడు చూసినవాళ్ళెవరూ దాన్ని పెరడు అనరు. కరివేపాకు చెట్టు ఉన్నమాట నిజమే కానీ, దాని కొమ్మకు వేలాడేది క్లచ్ కేబులు. బట్టలుతికే బండ మీద ఉండాల్సినవి బట్టలు, ఉన్నది మోటారుసైకిలు చక్రం. ఉతుక్కునేటప్పుడు ఆయన భార్య కోటిరత్నం ఆ చక్రాన్ని కిందికి దించుతుంది, ఉతకడం కాగానే ఆయన మళ్ళీ పైకి ఎక్కిస్తాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంట్లో సర్దుబాట్లన్నీ ఈ తీరునే నడిచాయి కాబట్టి ఆవిడకు పెద్దగా ఫిర్యాదులేమీ లేవు. ఉన్నా వినేదెవరు గనక?

ఇది మాటవరసకు అన్నది కాదు. బసవలింగానికి నిజంగానే వినికిడి తగ్గిపోయింది. బస్టాండు దగ్గర ఆయనకు మెకానిక్ షెడ్డు ఉండేది. స్టాండు వేసిన బండి చప్పుడు ఒక్కసారి విని దాని జబ్బేంటో చెప్పేస్తాడని పేరు. ఆ పేరు పోవడం కంటే షెడ్డు పోవడమే మేలనుకున్నాడేమో, మోకాళ్ళ నొప్పులని ఊరంతా చెప్పి తాళం వేసేశాడు. మోకాళ్ళు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. అసలు సంగతి పెళ్ళానికి తెలియదని ఆయన నమ్మకం. తనకు తెలుసన్న సంగతి ఆయనకు తెలియకూడదని ఆవిడ పట్టుదల.

ఆ పట్టుదలతో కోటిరత్నం చేయని పని లేదు. ఏ మాటైనా ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, మొహం చూపించి చెప్పేది. కాఫీ గ్లాసు బల్ల అదిరేలా పెట్టేది. పాత ఖాతాదారులెవరైనా ఫోను చేస్తే ఆయన స్నానం చేస్తున్నారనేది. బసవలింగం అంత స్నానప్రియుడని ఊళ్ళో చాలామందికి అప్పుడే తెలిసింది. నోటికొచ్చిన సామెతల్లా వాడే మనిషి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెతను మాత్రం ఇంట్లో నుంచి వెలేసింది.

ఇలా ఉండగా కూతురు ఝాన్సీకి టీచరు ఉద్యోగం వచ్చింది. బడి రేపల్లె అవతల, కాలవగట్టు మీద పోవాల్సిన ఊళ్ళో. ఆ గుంతలకు స్కూటీ చిన్న చక్రాలు ఆగవు, బుల్లెట్టయితేనే పోతుంది అంది ఝాన్సీ. అసలు కారణం అది కాదని తల్లికి తెలుసు. మెకానిక్కు కూతురు స్కూటీ ఎక్కితే నాన్న పరువేం కావాలని ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. చిక్కల్లా ఎత్తు దగ్గరే వచ్చింది. ఝాన్సీకి తండ్రి ధైర్యం వచ్చింది, ఎత్తు మాత్రం తల్లి పోలిక. బుల్లెట్టు ఎక్కితే కాళ్ళు గాల్లో వేలాడతాయి.

"అయితే నీ కాళ్ళకు అందే బండి నేనే కడతా" అన్నాడు బసవలింగం. షెడ్డు మూశాక ఆయన మొహం అంత వెలగడం కోటిరత్నం చూడటం అదే మొదటిసారి.

బాపట్లలో పాత సామాన్ల వ్యాపారం చేసే బాబూరావు దగ్గర, కాగితాలు సరిగ్గా ఉన్న ఒక ముసలి బుల్లెట్టు దొరికింది. దొరకడమైతే దొరికింది గానీ దాని కింద కోడి పొదుగుతోంది. పిల్లలు లేచేదాకా బండి కదిపేది లేదన్నాడు బాబూరావు. బసవలింగం బాపట్ల వెళ్ళిన ప్రతిసారీ ముందు కోడిని, తర్వాత బండిని పలకరించి వచ్చేవాడు.

బండి ఇంటికి చేరాక పెరట్లో ఇటుకలు పేర్చి, పైన దిండు వేసి, ఝాన్సీని గుర్రం ఎక్కినట్టు కూర్చోబెట్టాడు. రెండు మడమలూ నేలకు ఆనేదాకా ఇటుకలు ఒక్కొక్కటే లాగేశాడు. ఆ ఎత్తుకు సరిపడా సీటు పలచగా కుట్టించి, వెనక షాకబ్జార్బర్లు పొట్టివి వేసి, చేతులు అందేలా హ్యాండిలు వెనక్కి తెచ్చాడు. ఇంజను మొత్తం విప్పి, కిరసనాయిల్లో కడిగి, మళ్ళీ బిగించాడు. ట్యాంకుకు ఏ రంగని అడిగితే ఝాన్సీ బీరువాలోంచి తల్లి పెళ్ళిచీర తెచ్చి చూపించింది. చీరాలలో కోటిరత్నం తండ్రి శివరామయ్య దగ్గరుండి నేయించిన వంగపండు రంగు చీర. ఆ రంగు కలపడానికి పెయింటరు ఎన్నిసార్లు తిట్టుకున్నాడో గానీ, ఎండలో ట్యాంకు చూస్తే కోటిరత్నానికి పుట్టిల్లు కళ్ళముందు కదిలేది.

ఆదివారం పొద్దున బండి తయారైంది. సోమవారం దాని మీదే బడికి పోవాలని ఝాన్సీ ఆత్రం. నందివెలుగు దాకా ఒక చుట్టు తిరిగొచ్చి, ఇంజను ఆపకుండానే పెరట్లోకి తెచ్చి, ఎంత బాగుందో ఎంత బాగుందోనని గెంతులు వేసింది. బసవలింగం పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, మొనను ఇంజనుకు, పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని తలాడించాడు. షెడ్డులో ఎన్నేళ్ళుగానో ఆడించిన తలే.

వంటింట్లో చట్నీ రుబ్బుతున్న కోటిరత్నం ఉన్నట్టుండి మిక్సీ ఆపేసింది. ఇంజను కొట్టుకునే చప్పుడు కింద ఇంకో చప్పుడు ఉంది. టిక్కు టిక్కుమని, చాలా చిన్నది. ఆవిడ పుట్టింది మరమగ్గాల ఇంట్లో. ఏ మగ్గంలో దారంతో అటూ ఇటూ పరిగెత్తే నాడె వదులైందో, ఏది ఇవాళో రేపో ఎగిరి పడుతుందో ముద్ద నోట్లో పెట్టుకుంటూనే చెప్పగలిగే ఇల్లది. బండి గురించి ఆవిడకేమీ తెలియదు. ఏదో ఒకటి వదులుగా ఉందని మాత్రం తెలిసిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలియలేదనీ తెలిసిపోయింది.

చెప్తే ఆయన ఇన్నాళ్ళ గుట్టు కూతురి ముందే బయటపడుతుంది. చెప్పకపోతే పిల్ల రేపు ఆ బండి మీదే కాలవగట్టెక్కుతుంది. కోటిరత్నానికి ఆయన మీద జాలి కంటే తన మీద కోపం ఎక్కువగా వచ్చింది. గ్లాసులు అదిరేలా పెట్టి, లేని స్నానాలు చేయించి, ఆయన్ను ఇక్కడిదాకా తెచ్చింది తనే కదా! మొగుడి పరువు కాపాడబోయి పిల్లను ఆ బండెక్కిస్తున్నానే అనుకుంది.

ముందు ఝాన్సీని బజారుకు పంపింది. రేపు చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు, బండికి వేయడానికి పూలదండ తెమ్మంది. పిల్ల వీధి దాటాక పెరట్లోకి వచ్చి, వంగి ఏదో తుడుస్తున్న బసవలింగం భుజం మీద రెండుసార్లు తట్టింది. మగ్గాల హోరులో మాటలు వినపడవు కాబట్టి పుట్టింట్లో అందరిదీ అదే భాష. ఒకసారి తడితే ఇటు చూడు, రెండుసార్లు తడితే ఆపు. ఆయన తిరిగి చూశాడు. బండి మళ్ళీ స్టార్ట్ చేయమంది ఆవిడ. బాగానే ఉందిగా అన్నాడాయన. చేయండి అంది.

ఇంజను అందుకుంది. అలవాటుగా స్క్రూడ్రైవరు చెవి దగ్గరికి వెళ్తుంటే కోటిరత్నం ఆయన మణికట్టు పట్టుకుంది.

"చెవికి కాదండి. పిడి పళ్ళతో పట్టుకోండి. మగ్గాల మోతకు మా నాన్న చెవులు పోయినాక పాత నాడె ఒకటి పళ్ళ మధ్య పెట్టుకుని, రెండో కొస మగ్గానికి ఆనించి ఇట్టాగే వినేవాడు."

బసవలింగం ఇంజను వంక చూడలేదు. ఆవిడ వంకే చూశాడు. ఆ చూపులో ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గు వచ్చింది, ఆ తర్వాత వచ్చినదాన్ని చూడలేక ఆవిడే తల దించుకుంది. ఆయన వంగి, చెక్కపిడిని పళ్ళ మధ్య పెట్టుకుని, మొనను ఇంజను మీద ఒక్కోచోటే ఆనిస్తూ పోయాడు. ఇంజను పక్కనుండే టాపెట్ మూత దగ్గర ఆగాడు. అక్కడే చాలాసేపు ఉండిపోయాడు.

ఇంజను ఆపి, మూత విప్పి, లోపలి నట్టు మీద వేలు పెట్టాడు. పానా పెట్టినా మొరాయించాల్సిన నట్టు వేలితోనే తిరిగింది.

బసవలింగం బట్టలుతికే బండ మీద చక్రం పక్కనే కూలబడ్డాడు. దారిలో ఆగిపోయేది, పిల్ల ఒక్కతే, కాలవగట్టు మీద అని గొణిగాడు. ఆగలేదుగా అంది కోటిరత్నం, ఎదురుగా వచ్చి నిలబడి.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"షెడ్డు మూయకముందు నుంచే."

"మరి చెప్పలేదేం?"

"మీరే చెప్తారని చూశాను. మీరేమో మోకాళ్ళన్నారు."

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వుతూనే భుజానున్న తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఇన్నాళ్ళూ చెవిటివాడి ముందు శంఖం ఊదావన్నమాట" అన్నాడు.

"ఊదలేదండి. ఎదురుగా వచ్చి మాట్లాడాను" అంది కోటిరత్నం.

ఆయన లేచి నట్టు బిగించాడు. మళ్ళీ బండి స్టార్ట్ చేసి, పళ్ళతో విని, నీక్కూడా సరేనా అన్నట్టు కళ్ళెగరేశాడు. ఆవిడ ఆ టిక్కు కోసం వెతికింది. లేదు. అప్పుడు తలాడించింది.

నిమ్మకాయలతో వచ్చిన ఝాన్సీకి ఏం చెప్పాలా అని కోటిరత్నం మాటలు వెతుక్కుంటూ ఉంటే బసవలింగమే ముందు నోరు విప్పాడు. లోపల నట్టు వదులైందమ్మా, మీ అమ్మ పట్టుకుంది, నాకు వినపడలేదు అన్నాడు. ఝాన్సీ తల్లి మొహం, తండ్రి మొహం మార్చి మార్చి చూసి, నిమ్మకాయలు బండ మీద పెట్టి, వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుని నిలబడింది. చెవుల డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్తానంది. ఆయన సరేనన్నాడు.

సోమవారం పొద్దున నిమ్మకాయలు నలిగాయి. వంగపండు ట్యాంకు మీద పసుపు బొట్టు, హ్యాండిలుకు బంతిపూల దండ. ఝాన్సీ రెండు మడమలూ నేలకు ఆనించి, వెనక్కి చూసి నవ్వి, వీధి మలుపు తిరిగింది. కనపడినంతసేపే బసవలింగానికి బండి ఉన్నట్టు, మలుపు తిరిగాక లేనట్టే. గేటు పట్టుకుని అటే చూస్తూ, వినపడుతోందా అని అడిగాడు.

కోటిరత్నం ఆయన చెయ్యి గేటు మీంచి తీసి, మణికట్టు మీద రెండు వేళ్ళతో ఇంజను కొట్టుకున్నట్టే కొట్టడం మొదలుపెట్టింది. రైలుగేటు దగ్గర బండి నెమ్మదిస్తే వేళ్ళు నెమ్మదించాయి. గేటు దాటి జోరందుకుంటే జోరందుకున్నాయి. ఆ తర్వాత పాలవాడి బండి ఒకటి అడ్డొచ్చి ఆ చప్పుడును మింగేసింది. వేళ్ళు మాత్రం ఆగలేదు.

"ఇంకా వినపడుతోందా?"

"ఆఁ."

"ఇప్పుడెక్కడుంది?"

"వేమూరు దాటింది."

చెంచుపేటలో ఇంటి గేటు దగ్గర నిలబడి వేమూరులో బండి చప్పుడు వినగల చెవులు ఏ ఆడమనిషికీ లేవని బసవలింగానికి తెలుసు. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"రేపల్లె దాకా చెప్పు" అన్నాడు.