వెనకబండి బ్రేకు

సబ్బవరం దారి దిగుడులో ఆ రోజు గంగాభవాని జీపు బ్రేకు తొక్కింది. వెనక తగిలించిన చేపల ట్రైలర్ ఆగలేదు. ఐసుపెట్టెల బరువుతో జీపును నెట్టుకుంటూ పోయి పొలంలో దించేసింది. పక్కసీట్లో ఉన్న అత్త గురువమ్మకి చెయ్యి బెణికింది.

చెయ్యి నయమైంది గాని భయం పోలేదు. ఏళ్ల తరబడి గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి గుమ్మం దిగడం మానేసింది. గంగాభవాని ట్రైలర్ వదిలేసి, జీపులో పట్టినన్ని చేపలే తీసుకుపోయేది. కేకేసి జనాన్ని పిలిచే అత్త పక్కన లేక, అందులోనూ సగం తిరిగొచ్చేవి.

ట్రైలర్ చక్రాలకి కరెంటు బ్రేకులున్నాయనీ, జీపులోంచి వాటిని పట్టించే కంట్రోలర్ లేక అవి ఊరికే పడున్నాయనీ అనకాపల్లి ఎలక్ట్రీషియన్ బెన్‌హర్ చెప్పాడు. తెప్పించిన కంట్రోలర్ రాగానే గంగాభవాని ట్రైలర్‌ని నెమ్మదిగా అతని షెడ్డుకి లాక్కొచ్చింది. కోడలు బతిమాలితే గురువమ్మ, జీపు ఎక్కకుండా, వెనకాల ఆటోలో వచ్చింది.

బెన్‌హర్ స్టీరింగు కింద దూరాడు. ఒక వైరు బ్యాటరీకి, ఒకటి ఎర్తుకి, ఒకటి బ్రేకు లైటుకి, ఇంకొకటి వెనక ట్రైలర్‌కి కలిపాడు.

"తొక్కి సూడక్కా."

గంగాభవాని కొంచెం దూరం పోనిచ్చి బ్రేకు తొక్కింది. ట్రైలర్ ఎప్పట్లాగే వచ్చి జీపును గుద్దింది.

"మళ్లీ తోసేత్తంది! నాను సెప్పలేదేటి?" రోడ్డు పక్క నుంచి గురువమ్మ అరిచింది.

బెన్‌హర్ మళ్లీ కింద దూరి, కాసేపటికి తల బయటపెట్టాడు. "తప్పు నాదేనక్కా. బ్రేకు లైటు వైరనుకుని పార్కింగు లైటుకి కలిపేసేను." ఈసారి టెస్టు ల్యాంపు పెట్టి చూసి మరీ కలిపాడు.

రెండోసారి ట్రైలర్ ఎక్కడిదక్కడ పట్టేసింది. అయినా గురువమ్మ బండి దగ్గరికి రాలేదు.

గంగాభవాని దిగి ఆమె పక్కన నిలబడింది. "నాకూ బయమేనత్తా. ఆ దిగుడు వత్తాదంటే అంత దూరం నుంచే గేరు తగ్గించేత్తాను."

గురువమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఆ మాట ఇంతవరకూ కోడలి నోట వినలేదు.

"మరి సెప్పవేటే?"

"నువ్వు ఇంకా బయపడతావని."

బెన్‌హర్ డాష్‌బోర్డు కింద, పక్కసీటుకి అందేలా బిగించిన కంట్రోలర్ మీద చిన్న మీట చూపించాడు. "అమ్మా, అక్క పెడలు తొక్కకపోయినా ఇది నొక్కితే ట్రైలర్ ఒక్కటే పట్టేత్తాది."

"అది నీ సేతిలో ఉంచుకో అత్తా," అంది గంగాభవాని. "ఎప్పుడు నొక్కాలనిపిత్తే అప్పుడు నొక్కు. నానేటీ అనను."

మర్నాడు గురువమ్మ జీపు ఎక్కింది. దిగుడులో మీట నొక్కింది. దిగుడు అయిపోయాక కూడా నొక్కింది. చదును రోడ్డు మీదా నొక్కింది. వెనక లారీవాడు హారను మోగించాడు. గంగాభవాని చెయ్యి బయటపెట్టి అతన్ని ముందుకి పొమ్మంది.

సబ్బవరం సెంటర్లో బండి ఆగగానే గురువమ్మ దిగి, కొంగు నడుముకి బిగించి, వీధి చివరిదాకా వినబడేలా కేకేసింది.

"సేపలోయ్!"