అప్పా అని ఎవరో పిలిచారు

మా ప్రొద్దుటూరులో మగవాణ్ణి పిలవాలంటే పేరు తెలియనక్కర్లేదు. ఆటోవాడైనా, బంగారు అంగడి సేటైనా, దారికి అడ్డం వచ్చిన ముక్కూ మొహం తెలియని మనిషైనా, అందరూ అప్పాలే. 'యాడికప్పా', 'జరగప్పా', 'ఏందప్పా నీ గోల'. కోస్తా వాళ్లు విని నవ్వుతారు. నవ్వుకోనీ, మాకేం పోయింది! కానీ ఆ మాటే ఈ సియోల్ నగరంలో నా ప్రాణం తీస్తుందని కలలో కూడా అనుకోలేదు.

నా పేరు బాబ్జీ. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. సియోల్‌లో చిన్నపిల్లల బడికి అసిస్టెంటు టీచరు కావాలంటే దరఖాస్తు పెట్టాను, తీసుకున్నారు. నా భార్య వనిత మా మేనమామ కూతురే. "పో బావా, ఒక్క సంవత్సరమే గదా, కండ్లు మూసి తెరిస్తే అయిపోతాది" అంది. మా పాప జెస్సికా అప్పటికి ఇంకా సరిగ్గా మాటలు కూడా కలపలేదు. 'డాడీ' అనిపించాలని వనిత ఎంత తంటాలు పడినా అది 'నాయనా' అనే పిలిచేది. ఇంగ్లీషు మాస్టరు కూతురికి డాడీ అనడం రాదా అని తోటి టీచర్లు ఆటపట్టించేవాళ్లు. నాకు మాత్రం ఆ పిలుపు వింటే కడుపు నిండిపోయేది.

ఇక్కడికొచ్చిన మొదటి వారమే గొడవ. నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు కుర్చీ ఎక్కి నిలబడితే 'సిట్ డౌన్ అప్పా' అన్నాను. క్లాసు క్లాసంతా ఘొల్లుమంది. వాడేమో పొట్ట ముందుకు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, పెద్దమనిషిలా అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. క్లాసులో నాతో పాటు ఉండే కొరియా టీచరు మిస్ హాన్ నవ్వాపుకుని, తర్వాత విడమరిచి చెప్పింది. వాళ్ల భాషలో అప్పా అంటే నాన్న. చిన్నపిల్లలు నాన్నను ముద్దుగా పిలిచే పిలుపు.

ఆ రోజు నేనూ నవ్వాను. అసలు తిప్పలు ఆ తర్వాత మొదలయ్యాయి. మెట్రోలోనో మార్కెట్లోనో వెనకనుంచి 'అప్పా!' అని వినబడగానే నా తల దానంతటదే తిరిగేది. మా బస్టాండు దగ్గర ఏ సలీమో ఏ ఆదినారాయణో కేకేసినట్టే ఉండేది. తీరా చూస్తే ఎవరో పిల్ల, వాళ్ల నాన్న. ఇంత జనం ఉన్న ఊళ్లో నన్ను పిలిచే దిక్కు ఒక్కటి లేదు. గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసి, 'ఏమప్పా బాబ్జీ, తిన్యావా?' అని నన్ను నేనే పలకరించుకున్న రోజులున్నాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను.

అక్కడ చూస్తే జెస్సికా నాతో మాట్లాడటం మానేసింది. ప్రతి ఆదివారం వీడియో కాల్ చేస్తాను. ఫోను చూపించగానే వాళ్లమ్మ వీపు వెనక దాక్కుంటుంది. "సిగ్గు పడతాంది బావా" అంటుంది వనిత. ఇన్ని నెలలు సిగ్గేమిటి! పిల్ల నన్ను మరిచిపోయిందేమోనని భయం. ఆ మాట వనితతో అనడానికి నోరు రాలేదు.

ఒకరోజు నది ఒడ్డున పార్కులో కూర్చున్నాను. జెస్సికా అంత పాప ఒకటి 'అప్పా! అప్పా!' అంటూ నా వైపే పరుగెత్తుకొచ్చింది. నా బుద్ధి ఏ గడ్డి తిన్నదో, లేచి వంగి రెండు చేతులూ చాచాను. పాప నన్ను దాటిపోయి వెనకున్న మనిషి కాళ్లను చుట్టేసుకుంది. ఆయన నా చేతుల వంక ఒకసారి చూసి, బిడ్డనెత్తుకుని గబగబా వెళ్లిపోయాడు. ఆయన్ని అని ఏం లాభం, నేనైనా అదే చేసేవాణ్ణి.

సంవత్సరం ముగియబోతుండగా ప్రిన్సిపాల్ పిలిచి, ఇంకో ఏడాది ఉంటావా, శుక్రవారానికల్లా చెప్పమన్నాడు. వనిత ఉండమనే అంది. నేను మనసులో ఒకటి గట్టిగా అనుకున్నాను. జెస్సికా ఒక్కసారి 'నాయనా' అంటే ఉంటాను. లేదంటే మూటాముల్లె సర్దుకుని పోతాను. పాప నన్ను నాన్నా అని పిలిస్తే ఉంటానని మిస్ హాన్‌కు మాత్రం చెప్పాను.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక స్టాఫ్ రూంలోంచే ఇంటికి కాల్ చేశాను. మిస్ హాన్ పక్క కుర్చీలో పని ఆపేసి కూర్చుంది.

"జెస్సీ, ఈ పొద్దన్నా పలకరిచ్చు పాపా" అంటోంది వనిత.

ఫోను నిండా నా బిడ్డ ముఖం వచ్చింది. ఎంత పొడుగైందో! చేతిలో సగం కొరికిన మురుకు. దాక్కోలేదు. నన్ను కాసేపు ఎగాదిగా చూసింది.

"ఏమప్పా, బాగుండావా?" అంది.

వనిత పకపకా నవ్వింది. "చూస్తివా బావా, ఎంత మాట నేర్చిందో! వాటర్ క్యానాయన్నీ, కరెంటు బిల్లాయన్నీ, గేటుకాడికి యెవరొచ్చినా ఇట్లనే పలకరిస్తాంది. శానా గడుసుదైపోయింది."

"బాగుండా పాపా" అన్నాను. "నువ్వు తిన్యావా?"

"తిన్యా. మా ఇంటికి ఎప్పుడొస్తావప్పా?"

ఏదో చెప్పి ఫోను పెట్టేశాను. మిస్ హాన్ చటుక్కున లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు. తెలుగు ముక్క రాకపోయినా ఆ ఒక్క మాటా ఆమె చెవిన పడింది. "అప్పా అంది! నీ కూతురు నిన్ను అప్పా అంది, నేను విన్నాను!" అని నాతో ఇంగ్లీషులో అని, వాళ్ల భాషలో అందరికీ చెప్పేసింది. గదిలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

కాదు, మా ఊళ్లో ఆ మాటకు అర్థం అది కాదు అని చెబుదామని నోరు తెరిచాను. ఏడుపు తన్నుకొచ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాననుకుని మిస్ హాన్ నా వీపు నిమిరింది.

కళ్లు తుడుచుకుని నేరుగా ప్రిన్సిపాల్ గదికి పోయి, ఉండలేనని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయి, ఇంత హఠాత్తుగా ఎందుకని అడిగాడు.

"వాళ్లింటికి ఎప్పుడొస్తావని మా పాప అడిగింది సార్" అన్నాను.