చాలు అన్న మాట

ఊరి పేరు చెప్పను. చెబితే ఆ మున్సిపాలిటీ వాళ్లు నా మీదికి గయ్యిమని లేస్తారు. కోరుట్లలో బస్సెక్కి వేములవాడ మీదుగా సిరిసిల్లకు పోతుంటే దారిలో ఎక్కడో తగులుతుందనుకోండి. ఊరి చివర, గుట్ట పక్కన, మంచినీళ్ల ఫిల్టర్ ఉంది. ముప్పై ఐదేళ్ల కిందట కట్టారు. అప్పటి ఊరికి సరిపోయింది, ఇప్పటి ఊరికి సగం కూడా సరిపోదు. ఎండాకాలం నీళ్లు రావు, వానాకాలం ఎర్రగా వస్తాయి. తిట్లు మాత్రం పన్నెండు నెలలూ ఒక్క మనిషికే వస్తాయి. ఆయన పేరు మొగిలి.

మొగిలి ఆ ఫిల్టర్‌లో ఆపరేటర్. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే పని, ఇంకో ఐదు నెలల్లో దిగిపోతాడు. మనిషి సన్నం, మాట ఇంకా సన్నం. కౌన్సిలర్ ఫోన్ చేసి అరిచినా "అచ్చ సార్" అంటాడు, కౌన్సిలర్ ఇంటి పక్కాయన అరిచినా "అచ్చ సార్" అంటాడు.

ఆ ఫిల్టర్‌ను పెంచి, పాతదాన్ని బాగు చేయాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. ప్లాను తయారు చేయడానికి నవ్య అనే ఇంజనీరు వచ్చింది. కోరుట్ల అమ్మాయి, ఇరవై ఆరేళ్లుంటాయి. మొదటిరోజే పాత నక్షలు, అంటే గదులూ పైపులూ గీసిన ప్లాన్లు, అడిగింది. ఆఫీసువాళ్లు బీరువా తెరిచి చూపించారు. నక్షలను చెదలు తినేసి చాలా కాలమైంది. "మొగిలిని అడగండి మేడం, అంతా ఆయనకే తెలుసు" అని చేతులు దులుపుకున్నారు. మున్సిపాలిటీ తెలివి అట్లా ఉంటుంది. ఒక మనిషి తలకాయను ఇన్నేళ్లు బీరువాగా వాడుకుంది, అందులో ఇంకేం ఉందో ఎన్నడూ అడగలేదు.

మూడు వారాలు ఇద్దరూ ఆ ఆవరణంతా తిరిగారు. ఏ పైపు ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ వాల్వు తుప్పు పట్టి సగమే మూసుకుంటుందో మొగిలి చెప్పాడు, నవ్య గీసుకుంది. ఆమె ఆయన్ను "కాకా" అంటుంది. ఇంతకాలానికి తన పని గురించి ఒకరు అడిగి రాసుకుంటున్నారని మొగిలికి మహా సంబరంగా ఉండేది. ఇసుక బెడ్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట తగ్గేది.

ఆ బెడ్డు సంగతి కొంచెం చెప్పాలి. అది గదంత పెద్ద తొట్టి, సగం దాకా ఇసుక. పటిక వేసి తేర్చిన నీళ్లు ఆ ఇసుకలోంచి కిందికి దిగి శుభ్రమవుతాయి. రెండురోజులకు ఇసుకలో మడ్డి పేరుకుంటుంది. అప్పుడు బ్లోయర్ నడిపి గాలినీ, వాల్వు తిప్పి నీళ్లనూ కిందినుంచి పైకి తోలాలి. ఇసుకంతా అన్నం ఉడికినట్టు కుతకుతలాడుతుంది, మడ్డి తేలి కాలువలో పడుతుంది. బ్లోయర్ బటనూ వాల్వు చక్రమూ గోడకు ఇవతల గదిలో, బెడ్డు గోడకు అవతల. ఇవతలివాడికి అవతల ఏముందో కనిపించదు. అందుకని ఒకడు బెడ్డు గట్టు మీద నిలబడి కేకేస్తాడు. "చాలు" అంటే మొదలుపెట్టు, "బంద్" అంటే ఆపు. బ్లోయర్ నడుస్తుంటే కేక వినపడదు కాబట్టి, అప్పుడు మాత్రం గట్టు దిగి గది తలుపు దాకా వచ్చి "బంద్" అనాలి.

మోటరైనా, ఫ్యానైనా, టీవీ అయినా మా దిక్కు చాలు చేస్తారు, బంద్ చేస్తారు. ఉర్దూలోంచి వచ్చిన మాట అది. విస్తట్లో అన్నం పెడుతుంటే చెయ్యి అడ్డం పెట్టి కూడా "చాలు" అంటారు. అది తెలుగు చాలు. ఏది ఏ చాలో తెలియాలంటే అన్న మనిషి మొహం చూడాలి.

నవ్య ప్లాను పూర్తయింది. వాల్వులన్నిటికీ మోటర్లు, ఏసీ గదిలో బటన్లు. మొగిలి కళ్లజోడు పెట్టుకుని నక్ష మీద వేలితో వెతికాడు. బటన్ల గది దొరికింది, బెడ్డు దొరికింది, రెండింటి మధ్య వేలు ఆగిపోయింది.

"గీడ కిటికి ఏది మేడం?"

"కిటికి లేదు కాకా. తేమ, క్లోరిన్ గాలి లోపలికొస్తె బోర్డులు ఖరాబైతయ్. అందుకే మొత్తం గోడ. బెడ్డు మీద కెమెరా పెడ్తున్నం గద, లోపల టీవీల కనపడ్తది."

"గేటు కాడ పెట్టిన కెమెరాలు ఆర్నెల్ల సంది బందున్నయ్ మేడం. బటన్ ఒత్తెటోనికి బెడ్డు కండ్లతోని కనపడాలె. అద్దం బిగించైన సరె, గీడ కిటికి పెట్టుండ్రి."

ఎన్నడూ ఏదీ అడగని మనిషి. నవ్య వెంటనే జగిత్యాలలో ఉండే తన పై ఆఫీసరు దేవేందర్‌కు ఫోన్ చేసింది. స్పీకర్‌లో ఆయన గొంతు మొగిలికీ వినిపించింది.

"నక్ష ఎల్లుండి పోవాలె నవ్యా. ఇప్పుడు గోడ మారిస్తె పైన నన్నడుగుతరు. కారణం రాయాలె. అక్కడ ఏమన్న ప్రమాదం అయినట్టు రికార్డుల ఉన్నదా?"

నవ్య పాత రిజిస్టర్ తిరగేసింది. పదకొండేళ్ల కిందట ఒక చావు ఉంది. "కనకయ్య అనే వర్కర్ కాలు జారి తొట్టిలో పడి మృతి" అని రాసి ఉంది.

"కాలు జారితె రెయిలింగ్ పెట్టు. కిటికి ఎందుకు?" అన్నాడు దేవేందర్. తప్పు పట్టలేని మాట. నక్షలో రెయిలింగ్ చేరింది, కిటికీ చేరలేదు.

ఆ రిజిస్టర్‌లో రాత కింద సాక్షిగా పెట్టిన సంతకం మొగిలిదే.

కనకయ్యది గంభీరావుపేట. ఆయన్ను ఈ పనిలోకి తీసుకొచ్చింది మొగిలే, కనకయ్యను అన్నా అని పిలిచేవాడు. ఆ రోజు డ్యూటీలో ఇద్దరే ఉన్నారు. బెడ్డు ఖాళీ చేశారు. ఇసుకలో మడ్డి గడ్డ కట్టింది, పార పట్టుకుని కనకయ్య లోపలికి దిగాడు. "గట్టిగున్నదిర, జెరన్ని నీళ్లిడువు, నాననీ" అన్నాడు. మొగిలి ఇవతలి గదిలోకి వచ్చి చక్రం కొద్దిగా తిప్పాడు. కాసేపటికి గోడవతల నుంచి కేక వినిపించింది.

"చాలు!"

ఇక సరిపోయింది, నీళ్లాపు అన్నాడు కనకయ్య. ఆపమనాలంటే బంద్ అనాలి కదా, పని అయిపోయి గట్టెక్కాడు, ఇక మొదలుపెట్టమంటున్నాడు అనుకున్నాడు మొగిలి. ఎప్పుడూ చేసే పనే చేశాడు. బ్లోయర్ బటన్ నొక్కాడు, చక్రం పూర్తిగా తిప్పాడు.

కుతకుతలాడే ఇసుక మనిషిని నిలవనీయదు. నడుము దాకా మింగుతుంది, కాలు పెకలనీయదు. ఆపైన నీళ్లు తల మీదికి లేస్తాయి. బ్లోయర్ మోతలో ఇవతలి గదికి పిడుగు పడ్డా వినిపించదు. మొగిలి "బంద్" కోసం చూస్తూ నిలబడ్డాడు. ఎప్పుడూ పట్టే పది నిమిషాలు అయిపోయాయి. బంద్ అనడానికి కనకయ్య రాలేదేమా అని పైకెక్కి చూశాడు. చూసి, అన్నీ ఆపి అందులోకి దూకాడు. దూకింది నిజమే, కానీ అప్పటికి దూకీ ఫలితం లేదు.

కాలు జారిందని రాసింది అప్పటి సూపర్‌వైజర్. "నువ్వు చంపినవా ఏంది? ఉన్నదున్నట్టు రాసుకుంటె నీ బతుకు గూడ పోతది, సంతకం పెట్టు" అన్నాడు. మొగిలి పెట్టాడు. భయపడి పెట్టాడు. దానికి ఇంకో పేరు పెట్టి నేను ఆయన్ను మంచివాణ్ని చేయను.

కనకయ్య భార్య అంజవ్వకు భర్త స్థానంలో పని ఇచ్చారు. ఆమె పటిక గడ్డలు కొడుతుంది, ఊడుస్తుంది, మూణ్నెల్లకోసారి బెడ్డులోకి దిగి ఇసుక గీకుతుంది. కనకయ్య కాలు జారితే కాపాడబోయి మొగిలి ప్రాణానికి తెగించి దూకాడని ఆమెకు చెప్పారు. అప్పటినుంచి ఆయన్ను సొంత తమ్ముడిలా చూస్తుంది. పెత్తరమాస నాడు, అంటే చనిపోయిన పెద్దలకు పెట్టే అమావాస్య నాడు, కనకయ్య పేరు మీద వండి మొదటి విస్తరి మొగిలికే వేస్తుంది. "నువ్వు తింటె ఆయన తిన్నట్టే తమ్మీ" అంటుంది. ఏటా ఆ ముద్ద గొంతు దిగడానికి మొగిలి చెంబుడు నీళ్లు తాగుతాడు.

అంజవ్వ బెడ్డులో ఉన్నప్పుడు మొగిలి బ్లోయర్ ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటాడు. ఆమె పైకి రావడం కళ్లారా చూసిగానీ పెట్టడు. మోకాళ్లు నొప్పులు, అయినా ఆ రోజు పదిసార్లు మెట్లెక్కి దిగుతాడు. తను దిగిపోయాక ఎవరో కొత్తవాడు వస్తాడు. ఏసీ గదిలో కూర్చుంటాడు. గోడవతల అంజవ్వ ఉంటుంది.

ఆ సాయంత్రమంతా మొగిలికి మనసు మనసులో లేదు. నోరు మూసుకుంటే ఐదు నెలల్లో శాలువా కప్పి పంపుతారు. ఏ గొడవా లేదు. నిజం రాసిస్తే కిటికీ వస్తుంది, ఎంక్వైరీ కూడా వస్తుంది. దానికీ ఆయన భయపడలేదు. రాసిన కాగితం నాలుగు చేతులు మారి అంజవ్వ చెవిన పడుతుంది, అదే ఆయన భయం. పడేదేదో తన నోటినుంచే పడాలనుకున్నాడు.

మర్నాడు పొద్దున అంజవ్వ షెడ్డులో కూర్చుని పటిక కొడుతోంది. మొగిలి ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"వదినె, అన్న కాలు జారలే."

"ఏందీ?" అంజవ్వ సుత్తె ఆపలేదు.

"నేనే బ్లోయర్ చాలు చేసిన. అన్న బెడ్డులనే ఉండె. నీళ్లు చాలు, ఆపుమన్నడు. నేను చాలు చెయ్యమన్నడనుకున్న. సూడకుంట బటన్ ఒత్తిన వదినె. ఎక్కి సూస్తె అన్న బతికెటోడు, సూడలే."

సుత్తె ఆగింది. అంజవ్వ ఆయన మొహంలోకి చూసింది. తిట్టినా బాగుండునని మొగిలికి అనిపించింది.

"పదకొండు పెత్తరమాసలు," అంది. "పదకొండు పెత్తరమాసలు నా చేతి కూడు తిన్నవ్."

చీర కొంగుకు అంటిన పటిక పొడి దులుపుకుని లేచి వెళ్లిపోయింది.

మొగిలి నేరుగా నవ్య దగ్గరికి పోయాడు. తెల్లకాగితం అడిగి తీసుకుని, జరిగింది జరిగినట్టు తన చేత్తోనే రాశాడు. రాయడం అలవాటు లేని చెయ్యి, రెండు పేజీలకు రెండు గంటలు పట్టింది. నవ్య చదివింది. చదువుతుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కాకా, గిది పంపుతె నిన్ను విడిచిపెట్టరు."

"పంపు బిడ్డా." అన్నిరోజులూ మేడం అన్న మనిషి ఆ ఒక్కసారి బిడ్డా అన్నాడు. "కిటికి వస్తదా రాదా, గది చెప్పు."

నవ్య ఫోన్ చేసి కాగితం చదివి వినిపించింది. "గోడ తీసెయ్. అద్దం పెట్టు," అని దేవేందర్ ఫోన్ పెట్టేశాడు. నవ్య రబ్బరుతో గోడ చెరిపి, పెన్సిల్‌తో కిటికీ గీయసాగింది.

అప్పుడు వచ్చింది అంజవ్వ. కళ్లు ఉబ్బి ఉన్నాయి. మొగిలి లేచి పక్కకు జరిగాడు. ఆమె ఆయన్ను చూడనట్టే బల్ల దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నాకు చదువు రాదు. గీ నక్షల మా ఆయన ఏడుండె, జెర సూపెట్టు."

నవ్య బెడ్డు మీద పెన్సిల్ పెట్టింది. అంజవ్వ అక్కడ చూపుడువేలు ఆనించింది.

"గీన ఏడుండె?" మొగిలి వైపు చూడకుండానే అడిగింది.

నవ్య పాత గది చూపించింది. అంజవ్వ అక్కడ బొటనవేలు ఆనించింది. వేళ్లు చాచాల్సిన పని కూడా పడలేదు.

"గిదెంత దూరముంటది?"

"పన్నెండు అడుగులు అవ్వా."

"పన్నెండు అడుగులు," అంది అంజవ్వ. వేళ్లు తీయలేదు. "మా ఇంట్ల వాకిట్ల కెల్లి పొయ్యి కాడికి గంతుంటది. ఆయన వాకిట్ల నిలబడి మంచినీళ్లు తెమ్మంటె, పొయ్యి కాడ నాకు ఇనపడేది."

"బ్లోయర్ సప్పుడు వదినె..." అన్నాడు మొగిలి.

అంజవ్వ నక్ష మీది నుంచి చెయ్యి తీసింది. "కిటికి పెద్దగ పెట్టు బిడ్డా" అని నవ్యతో చెప్పి తలుపు దాకా పోయింది. అక్కడ ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది.

"చాలు అన్నంక ఊకుంటడా? పానం పోతుంటె పిలిచే ఉంటడు. ఇంకెవలున్నరు పిలువనీకి? నీ పేరే పిలిచి ఉంటడు."

పదకొండేళ్లుగా మొగిలి చాలు అన్న ఆ ఒక్క మాటనే తల్చుకుని కుమిలాడు. ఆ మాట తర్వాత గోడవతల నుంచి కనకయ్య తనను పేరు పెట్టి పిలిచి ఉంటాడని, తను ఇవతల చేతులు కట్టుకుని నిలబడి ఉండగా పిలుస్తూనే ఉండి ఉంటాడని ఒక్కనాడూ తోచలేదు. ఇప్పుడు తోచింది. ఆయన బల్ల మీద తల ఆనించి పెద్దగా ఏడ్చాడు, అంజవ్వ వెళ్లిపోయింది.