చివరి బండి వచ్చేదాకా

నేను ఒక మోటారు సైకిలును. అలంకార వస్తువును కాను. ఈ రెండో వాక్యం అనవసరమని మీకు తోచవచ్చు. పోయిన కార్తీకంలో దాన్ని పదిమంది ముందు రుజువు చేయవలసి వచ్చింది గనుక మొదటే చెబుతున్నాను.

పందొమ్మిది వందల ఎనభై ఏడులో, సముద్రపు గాలి తగిలే ఒక కర్మాగారంలో పుట్టాను. నా ట్యాంకు మీది బంగారు గీతను ఒక ముసలి కార్మికుడు సన్నటి కుంచెతో, ఊపిరి బిగబట్టి గీశాడు. గీత ముగిశాక ఊపిరి వదిలి, రెండోసారి నా వైపు చూడకుండా పక్క ట్యాంకు దగ్గరికి వెళ్లిపోయాడు. నేను మొదట ఎరిగిన మనిషి పని తెలిసినవాడు. తరువాత ఎదురైన వారందరినీ అతనితో పోల్చి చూశాను. ఆ పోలిక చాలామందికి లాభించలేదు.

నా మొదటి యజమాని కరెంటు ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. నా నంబరులోని అంకెలు కూడితే ఎనిమిది వస్తుందని, అది శనికి ఇష్టమైన సంఖ్య అని ఎవరో చెప్పగా మూడు నెలలకే నన్ను వదిలించుకున్నాడు. రోజంతా ప్రాణాంతకమైన తీగల మధ్య తిరిగే మనిషి ఒక అంకెకు భయపడ్డాడు.

శనికి భయపడని మనిషి నన్ను కొన్నది. హైమావతి, పశువైద్యురాలు. కోవెలకుంట్ల చుట్టుపక్కల నలభై పల్లెలు ఆమె కింద ఉండేవి. ఆడమనిషికి మోటారు సైకిలు ఏమిటి, జీపు వచ్చేదాకా ఆగమని పై అధికారి సెలవిచ్చాడు. ఆమె ఆగలేదు. ఆమె ఉద్యోగ విరమణ చేసి మూడేళ్లయింది. ఆ జీపు ఇంకా రాలేదు.

ఆ నేలంతా నల్లరేగడి. వాన పడితే మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ కూరుకొని, బండిని ఉన్నచోటనే పాతేస్తుంది. ఒక కమ్మరి చేత నా మడ్‌గార్డును నాలుగు వేళ్ల ఎత్తు లేపించింది హైమావతి. అందం చెడిందన్నారు చూసినవారు. ఈనలేక అల్లాడే గేదె దగ్గరికి వేళకు చేరిన బండిని అందం గురించి ఎవరూ అడగరు.

ఇక కార్తీకం సంగతి. నంద్యాలలో సూర్యప్రతాప్ అనే అతనికి రోడ్డు పక్కన పెద్ద హోటలు ఉంది. అతని చుట్టూ ఒక బైకుల బృందం ఉంది, అందులో హైమావతి కూడా ఉంది. శని, ఆదివారాలు పల్లెలో గుడారాలు వేసుకుందామన్నారు. అనడం వరకు వారి పని; ఏర్పాటు హైమావతి మీద పడింది. వారం ముందే నా మీద వెళ్లి దారి చూసింది. గుడారాలకు మద్దిలేటి అనే రైతు కళ్లం అడిగింది. కోతలు రాలేదు గనుక అది ఖాళీగా, గట్టిగా, నీరు నిలవకుండా ఉంది. ఆపైన ఒక నియమం రాసింది: దారి చీలే ప్రతి చోటా రెండో బండి ఆగాలి, ఎటు మళ్లాలో చేయి చాపి చూపాలి, చివరి బండి కంటపడేదాకా కదలకూడదు.

"అంతా బాగుంది గానీ మేడమ్," అన్నాడు సూర్యప్రతాప్ నా సీటు మీద తడుతూ, "ఈ ముసలిదాన్ని గూడా తోలుకొస్తారా? నడిమధ్య పడిపోతే మోసేదానికి ఎవురుండారు? మా హోటలు గేటు కాడ పెడతా, ఇయ్యండి. పైన పూలకుండీలు పెడితే సూపరుంటాది."

"చివరి బండి ఇదే," అంది హైమావతి.

"చివరే లెండి, ముందరెట్లా రాలేదు." అందరూ నవ్వారు. "శనివారం పొద్దు మునిగేలోపల సొంత చక్రాల మీద కళ్లం చేరల్ల. చేరకపోతే నాది."

"సరే," అంది ఆమె.

నన్ను ఎవరూ అడగలేదు. పందెంలో పెట్టే వస్తువులను అడిగే ఆచారం మనుషుల జాతికి ఎన్నడూ లేదు.

పదకొండు బండ్లు బయలుదేరాయి. కోవెలకుంట్ల దాటాక రోడ్డు మధ్యలో ఒక గుడారం మూట పడి ఉంది. సాగే రంగుతాళ్లతో సోకుగా కట్టిన మూట, సూర్యప్రతాప్‌ది. వదిలిన వస్తువును ఏరుకొని రావడం చివరి బండి ధర్మం. నా వెనుక దాన్ని కట్టుకొనేసరికి పావుగంట పోయింది. మాకు ముందున్నది షంషాద్, బ్యాంకు గుమాస్తా, కొత్తగా బండి నేర్చిన మనిషి. ఆమె ముందుకు సాగిపోయింది.

ఆఖరి చీలిక దగ్గర ఎవరూ లేరు.

అక్కడ నిలబడవలసినవాడు గిరిధర్, సూర్యప్రతాప్ బావమరిది. ముందురోజు వాన పడిన మట్టి మీద కుడివైపు తొమ్మిది బండ్ల గుర్తులు. ఎడమవైపు ఒకే ఒక్క టైరు జాడ. కుడివైపు కళ్లం పది నిమిషాల దూరం. పొద్దు ఇంకా బారెడుంది. ఆమె ఆకాశం వైపు ఒకసారి, ఎడమ దారి వైపు ఒకసారి చూసింది. పందెం గెలవడానికి ఇంతకన్నా సులువైన అవకాశం ఉండదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. నన్ను ఎడమకు తిప్పింది.

మైలు దూరంలో షంషాద్ బండి రేగడిలో పాతుకుపోయి ఉంది. గుడారం మేకుతో చక్రం చుట్టూ మట్టి పెరుకుతోంది. మోచేతుల దాకా నలుపు.

"మలుపులో ఎవరూ లేరు మేడమ్. ఇట్లనేమో అనుకున్యా. ఫోను కూడా పలకల్యా."

"నిలబడాల్సినవాడు నిలబడలేదు. తప్పు నీది కాదు. తాడు పట్టు."

లాగాను. నా క్లచ్చు కాలిన వాసన ఆ పొలమంతా కమ్మింది. పది గజాలు లాగడం, ఆగి మట్టి తీయడం, మళ్లీ లాగడం. గట్టి నేల ఎక్కేసరికి సూర్యుడు పోయాడు.

కళ్లంలో సూర్యప్రతాప్ టీ గ్లాసుతో ఎదురొచ్చాడు. "పొద్దు మునిగి ఇరవై నిమిషాలాయె మేడమ్. మాట మాటే. గేటు కాడ దిమ్మె గూడా కట్టించినా."

"మాట మాటే." తాళంచెవి అతని చేతిలో పెట్టింది. నా వెనుక నుంచి మూట విప్పి దాన్ని కూడా పెట్టింది. "ఇదీ నీదే. రోడ్డు మీద దొరికింది."

షంషాద్ జరిగింది చెప్పగా మద్దిలేటి గిరిధర్ వైపు తిరిగాడు. "ఏం సామీ, ఆడబిడ్డను దారి తప్పనిచ్చి ఈడ టీ తాగుతాండావా?"

"బావే ఫోన్ చేసి వచ్చెయ్ అన్యాడు," అని గిరిధర్ నేల చూశాడు. "ముసలి బండి యాడో ఆగిపోయింటాది, నిలబడి ఏం జేస్తావ్ అన్యాడు."

ఆ మాట పదిమందీ విన్నారు. ఎవరూ నవ్వలేదు.

ఆదివారం పొద్దున గుడారాలు చుట్టాక సూర్యప్రతాప్ నన్ను తీసుకుపోవడానికి లారీ పిలుస్తానన్నాడు. కళ్లంలోకి లారీ రానివ్వనన్నాడు మద్దిలేటి. అయితే నడిపే పోతానని అతను నా మీదికెక్కాడు. పదిహేడుసార్లు తన్నాడు. నేను లేవలేదు. ఇది యంత్రలోపమని ఎవరూ పొరబడవద్దు.

"ఇంకో మాట," అంది హైమావతి, అతను చెమట తుడుచుకునేదాకా ఆగి. "అది చివరి బండి. నీదయింది గనుక చివర నువ్వే రావాలి."

"నేను చివర రావడమేంది మేడమ్? గ్రూపుకు ముందుండేది నేను కదా!"

షంషాద్ తన బండి ఇంజను ఆపేసింది. "చివర ఎవురొస్తారో తేలేదాకా నేను కదలను. నిన్న ఒకసారి కదిలినా, చాలు."

ఆమె పక్క బండి ఆగింది. దాని పక్కది ఆగింది. గిరిధర్ బావ ముఖం చూశాడు, షంషాద్ చేతుల మీద ఇంకా వదలని మట్టిని చూశాడు, తనదీ ఆపాడు. పొలం మీద పిట్టల అరుపు తప్ప మరో చప్పుడు లేదు. ఇంజను చేసే పనుల్లో ఆగిపోవడం కూడా ఒకటని ఆ రోజు తెలుసుకున్నాను.

సూర్యప్రతాప్ దిగాడు. తాళంచెవిని నా హ్యాండిలుకు తగిలించాడు. "కట్టించిన దిమ్మెను ఏం జేసుకోవల్ల నేను?"

"నువ్వే కూచో సామీ," అన్నాడు మద్దిలేటి.

హైమావతి నా మీదికెక్కింది. ఆమెకు రెండో తన్నుకు లేచాను. మొదటి తన్నుకే లేస్తే అతన్ని ఎగతాళి చేసినట్టుంటుంది.

"గిరిధర్, నువ్వు రెండో బండి. చీలిక దగ్గర నిలబడు," అంది.

"ఎంతసేపు మేడమ్?"

"చివరి బండి వచ్చేదాకా."

బండ్లన్నీ వెళ్లిపోయాక ఆమె కళ్లం ఒకసారి చుట్టివచ్చి, ఎవరో వదిలిన మేకులు ఏరింది. మద్దిలేటి ఇంటికి వెళ్లి దూడ నాలుక చూసింది. అతని భార్య ఇచ్చిన మజ్జిగ కూర్చొని తాగింది. ఎండ ముదిరాక బయలుదేరాం. దూరాన చీలిక దగ్గర ఒక మనిషి కోవెలకుంట్ల వైపుకు చేయి చాపి నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి చేయి మరికాస్త పైకెత్తాడు.

మేము తొందరపడలేదు.