కుందేలు సగం చెవి

మెర్ల్ మా బల్లల వరసలోకి తిరగగానే నాకు అనుమానం వచ్చింది. మామూలుగా ఆ మనిషి ప్రతి బల్ల దగ్గరా ఆగి వాతావరణం గురించి నాలుగు ముక్కలు మాట్లాడి గానీ కదలడు. ఆ శనివారం పొద్దున బయట మోకాలి లోతు మంచు పడి ఉన్నా దాని ఊసే ఎత్తలేదు. మా మినసోటాలో మంచు మాట లేకుండా ఒకడు ఎదురొస్తున్నాడంటే చావు కబురైనా తెస్తూ ఉండాలి, కోర్టు కాగితమైనా తెస్తూ ఉండాలి.

"ఆర్డిస్ గారూ, కాఫీ తాగారా?" అన్నాడు.

"తాగాం గానీ, చెప్పాలనుకున్నది చెప్పవయ్యా," అన్నాను. నన్ను అడక్కపోయినా జవాబు చెప్పే దురలవాటు నాకుంది.

ఈ సంత నడిపేది మెర్లే. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళంతా ఏడాదికోసారి విమానాశ్రయం పక్కనున్న హోటల్లో చేరి వేషాలు కట్టుకుని తిరుగుతారు. గోడవారన మాలాంటివాళ్ళం బల్లలు వేసుకుని, చేత్తో చేసినవి అమ్ముకుంటాం. నేను ఎలుగుబంటి చెవులు, పిల్లి చెవులు పెట్టి ఊలు టోపీలు అల్లుతాను. పక్కబల్ల ఆర్డిస్ హాగ్లండ్‌ది. ఇద్దరికీ అరవై దాటాయి. ఇరవై ఏళ్ళుగా పక్కపక్కనే కూర్చుంటున్నాం. ఆర్డిస్ గీసేది ఒక్కటే బొమ్మ. ఫెర్న్‌బీ అని, రేవులో లాంతరు పట్టుకుని తిరిగే కుందేలు, పాత కార్టూన్ సినిమాలోది.

"ఫెర్న్‌బీ బొమ్మలన్నీ తీసెయ్యాలట," అన్నాడు మెర్ల్ నేల చూపులు చూస్తూ. "స్టూడియో నోటీసు పంపింది. కాపీరైట్ అంటున్నారు, ట్రేడ్‌మార్క్ అంటున్నారు. తియ్యకపోతే సంత మొత్తం మీద దావా వేస్తారట. తియ్యనివాళ్ళకి ఇంకెప్పుడూ బల్ల ఇవ్వకూడదట. మధ్యాహ్నం వాళ్ళ మనిషి వచ్చి చూసుకుంటాడు. నన్నేం చెయ్యమంటారు చెప్పండి?"

ఆర్డిస్ బల్ల మీద ఫెర్న్‌బీ తప్ప ఇంకేమీ లేదు. నిల్చున్న ఫెర్న్‌బీ, పడవలో ఫెర్న్‌బీ, వానలో లాంతరు ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టిన ఫెర్న్‌బీ. ఆవులూ, బాతులూ గీయమని నేనే ఎన్నోసార్లు చెప్పాను. గీసింది కూడా. అవి ఆవుల్లాగే ఉన్నాయి గానీ వాటిలో ఆర్డిస్ లేదు.

"అలాగా. నీకు ఎంత ఇబ్బందో పాపం," అంది ఆర్డిస్.

చూశారా ఈ మనిషిని? బల్ల పోయేది తనకి, ఇబ్బంది మెర్ల్‌కి!

ఆ కుందేలు సంగతి కాస్త చెప్పాలి. ఆ సినిమా మేం పడుచువాళ్ళుగా ఉన్నప్పుడు వచ్చి, వారం తిరక్కుండానే హాళ్ళలోంచి లేచిపోయింది. తీసిన స్టూడియోవాళ్ళే మరిచిపోయారు. ఎవరో ఇంటి ముందు పాత సామాను అమ్ముతుంటే ఆర్డిస్ దాని వీడియో టేపు కొనుక్కొచ్చి పిల్లలకి వేసింది. అప్పటికే ఏ మెషీనో దాన్ని నమిలి పెట్టింది. అంచు నలిగిపోయి, ఎప్పుడు వేసినా తెర పైభాగాన ఒక తెల్లటి చార. ఫెర్న్‌బీకి ఒక చెవి వాలి ఉంటుంది, ఒక చెవి నిక్కి ఉంటుంది. ఆ నిక్కిన చెవి కొస ఎప్పుడూ చార కిందే పోయేది. పాపం, దీని చెవి ఎవరో కొరికేశారు కాబోలు అనుకుని ఆర్డిస్ అలాగే గీసింది. సగం చెవి, అంచున పంటిగాట్లు, అయినా లాంతరు మాత్రం దించని కుందేలు.

జనానికి ఆ చెవే నచ్చింది. సినిమా చూడనివాళ్ళు కూడా బొమ్మ కొనుక్కున్నారు. ఆమెను చూసి ఇంకొకరు గీశారు, వాళ్ళను చూసి మరొకరు. చెవి ఎలా తెగిందో తలా ఒక కథ అల్లారు. చాలా ఏళ్ళకు సినిమా డిస్కు మీద వస్తే ఆర్డిస్ తెచ్చుకుని చూసింది. చెవి నిక్షేపంలా ఉంది! వెంటనే నాకు ఫోను చేసి, "ఒసే లవోన్, దానికి చెవి ఉందే!" అని పడీపడీ నవ్వింది. మేమంతా నవ్వుకున్నాం గానీ ఎవరూ మానలేదు. నిండు చెవి పెడితే అసలది ఫెర్న్‌బీయే కాదన్నారు.

ఇప్పుడు స్టూడియోవాళ్ళకి హఠాత్తుగా కుందేలు గుర్తొచ్చింది. కొత్త సినిమా తీశారు. సగం చెవితోనే తీశారు. చెవి ఎలా తెగిందో చెప్పడానికే అరగంట కథ పెట్టారు. దుప్పట్ల మీదా, చెప్పుల మీదా, పిల్లల అన్నం డబ్బాల మీదా ఆ సగం చెవి తలకాయే. అది వాళ్ళ ట్రేడ్‌మార్క్ అయిపోయింది. మేమేమో చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకునేవాళ్ళమట. ఆ చెట్టు ఎండిపోతున్న రోజుల్లో నీళ్ళు పోసిందెవరో మాత్రం ఎవడూ అడగడు. దీని మీద ఎంతో అరిచాను నేను. ఇప్పుడు అరిచే ఓపిక కూడా లేదు.

అయితే నా కడుపుమంట స్టూడియో మీద సగమే. మిగతా సగం మా మర్యాద మీద.

మా దగ్గర ఎవరైనా ఏదైనా ఇస్తే మొదటిసారి వద్దనాలి. రెండోసారి, అయ్యో మీకెందుకు శ్రమ అనాలి. మూడోసారి, సరే మీరంతగా అంటున్నారు కాబట్టి అని తీసుకోవాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా ఊళ్ళో అమ్మ పెట్టినా మూడోసారికి గానీ ముట్టుకోం. మొదటిసారికే చెయ్యి చాస్తే పెంపకం సరిగ్గా లేదంటాం. మొదటి 'వద్దు'కే గిన్నె వెనక్కి తీసుకుంటే చెయ్యి రాని మనిషంటాం. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత మీకూ తెలుసు, నా నోటితో ఎందుకు చెప్పించడం.

నిరుడు ఇదే సంతకి స్టూడియో తరఫున ఎస్పినోసా అనే కుర్రాడు వచ్చాడు. కాలిఫోర్నియా మనిషి, పల్చటి కోటు, ముక్కు ఎర్రగా కమిలిపోయి ఉంది. ఆర్డిస్ తను చేసిన నిమ్మకాయ మిఠాయి బిళ్ళల పళ్ళెం ముందుకు జరిపి, "ఒకటి తీసుకో నాయనా," అంది. వాడు వెంటనే తీసుకుని నోట్లో వేసుకున్నాడు. మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఆ క్షణంలోనే నాకు బుద్ధి వచ్చి ఉండాల్సింది. మొదటి 'తీసుకో'కే తీసుకునేవాడు మొదటి 'వద్దు'కే వెళ్ళిపోతాడు కదా.

వాడు చెడ్డవాడు కాదు. బల్ల ముందు కుర్చీ లాక్కుని మెల్లగా చెప్పాడు. "అమ్మా, ఆ చెవి మీ దగ్గర్నుంచే వచ్చిందని మాకు తెలుసు. మా ఆర్టిస్టులు మీ బొమ్మలు చూసే పెరిగారు. కంపెనీ ఒప్పుకుంది. కొత్త సినిమాలో మీ పేరు వేస్తాం. మీ బొమ్మలు మీరు అమ్ముకోవడానికి అనుమతి రాసిస్తాం. మీకు ఇష్టమేనా?"

ఆర్డిస్ మెడ దాకా ఎర్రబడింది. ఎంత సంతోషం వేస్తే అంత ఎర్రబడుతుంది ఆ మనిషి. "అయ్యయ్యో, వద్దు నాయనా. నా పేరెందుకు? నేనేం కనిపెట్టాను? టేపు పాడై అలా వచ్చింది, అంతే."

"అంతేనంటారా?"

"అంతే. పెద్ద విషయమేం కాదు."

వాడు ఫోన్లో ఏదో రాసుకుని, థాంక్స్ చెప్పి, లేచి వెళ్ళిపోయాడు. మేం కంగారు పడలేదు. ఇంటికి వెళ్తూ కార్లో, "ఇంకా రెండుసార్లు ఉందిలే," అన్నాను నేను. "మరీ పట్టుబడితే అప్పుడు సరే అంటాను," అంది తను. సినిమాలో పేరు చివర్లో వస్తుందా, ముందు వస్తుందా అని కూడా అడిగింది నన్ను.

క్రిస్మస్‌కి స్టూడియో నుంచి ఒక కార్డు వచ్చింది. సగం చెవి కుందేలు, మెడలో ఎర్ర మఫ్లరు. ఆ కార్డు ఊరందరికీ పంపినదని తర్వాత తెలిసింది. ఆర్డిస్ మాత్రం దాన్ని రెండోసారి అడగడం కింద లెక్కేసింది. 'మీకెందుకింత శ్రమ' అని జవాబు కూడా రాసి పడేసింది. ఇక మూడోసారి కోసం కూర్చుంది. వేసవిలో సినిమా వచ్చింది. చివరి పేర్లన్నీ అయిపోయి, హాల్లో దీపాలు వెలిగి, ఊడ్చే అమ్మాయి చీపురు పట్టుకుని వచ్చేదాకా ఇద్దరం కుర్చీల్లోంచి లేవలేదు. ఆర్డిస్ పేరు ఎక్కడా రాలేదు.

ఇక ఆ శనివారం మధ్యాహ్నం స్టూడియో తరఫున వచ్చింది ఎస్పినోసాయే. ఈసారి మందపాటి కోటు కొనుక్కున్నాడు. మా ముందు నిలబడి బల్ల వంక చూశాడు గానీ ఆర్డిస్ మొహం వంక చూడలేకపోయాడు.

"నాకూ బాధగానే ఉందమ్మా," అన్నాడు. "కానీ నిరుడు నేను అడిగాను గదా. మీరే వద్దన్నారు."

"అడిగావు నాయనా," అంది ఆర్డిస్. "ఒక్కసారే అడిగావు."

వాడికి అర్థం కాలేదు. "ఒక్కసారి చాలదా?"

ఇక నేను ఆగలేకపోయాను. "చాలదయ్యా! ఎక్కడ పెరిగావు నువ్వు? మా దగ్గర మంచినీళ్ళు తాగుతావా అనడానికి మూడుసార్లు అడుగుతాం. జీవితంలో ఒక మనిషి చేసిన ఒకే ఒక్క పని గురించి ఒక్కసారి అడిగి, కుర్చీ కూడా సర్దకుండా పోతావా?"

వాడు నవ్వబోయాడు. మేం నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు. "మా ఇంట్లో వద్దంటే వద్దనేనండీ," అన్నాడు చిన్నగా. "నేను మీ మాటకి గౌరవం ఇచ్చాననుకున్నాను. మీరన్నది అన్నట్టే రాసి పంపాను. చెవి ఎవరూ కనిపెట్టింది కాదు, టేపు పాడవడం వల్ల వచ్చింది అని. మా లాయర్లు దాని మీదే నడిచారు. ఇప్పుడు ట్రేడ్‌మార్క్ వచ్చేసింది. ఇంక నేను ఎవరికి చెప్పినా ఒరిగేదేం లేదు."

"అది నేను మర్యాదకి అన్న మాట," అంది ఆర్డిస్.

తర్వాత లేచి బొమ్మలు తీయడం మొదలుపెట్టింది. ఎవరి మీదా కోపం లేనట్టు, ఒక్కొక్క క్లిప్పూ విప్పి, ఒక్కొక్క బొమ్మా మధ్యలో పల్చటి కాగితం వేసి డబ్బాలో పెట్టింది. మా ముందునుంచి జనం పోతూనే ఉన్నారు. హాలంతా సగం చెవులే. అట్టతో చేసుకున్నవి, ఊలుతో చేసుకున్నవి, స్టూడియో దుకాణంలో కొన్నవి. ఒకమ్మాయి సగం చెవి టోపీ సర్దుకుంటూ, "ఏంటి, అప్పుడే కట్టేస్తున్నారా?" అంది. "అవునమ్మా, అయిపోయింది," అంది ఆర్డిస్. ఎస్పినోసా కదలకుండా నిలబడే ఉన్నాడు. వెళ్ళిపొమ్మని అందామనుకున్నాను గానీ, వాడి మొహం చూస్తే నాకే జాలేసింది. అదీ నాకు చిరాకే.

బల్ల ఖాళీ అయ్యాక పళ్ళెం ఒక్కటి మిగిలింది. ఆర్డిస్ దాన్ని వాడి ముందుకు జరిపింది.

"ఒకటి తీసుకో నాయనా."

"వద్దండీ," అన్నాడు తల అడ్డంగా ఊపి. ఈసారి వాడికి నిజంగానే తినాలని లేదు.

"తీసుకో. పొద్దున చేసినవే."

"మీకెందుకండీ..."

"తీసుకో బాబూ. నాకోసం."

వాడు తీసుకున్నాడు. కొరక్కుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"అడగడమంటే ఇదయ్యా," అన్నాను.

వాడు నావైపు చూడలేదు. "అమ్మా," అన్నాడు ఆర్డిస్‌తో. "నిరుడు నేను ఇలా మూడోసారి అడిగి ఉంటే, మీరేమనేవారు?"

"సరే అనేదాన్ని," అంది ఆర్డిస్. "ఇంకేమంటాను? మొదటిసారి అడిగినప్పుడే నాకు ఏడుపొచ్చినంత పనైంది."

వాడు ఆ నిమ్మకాయ బిళ్ళ చేతిలో పట్టుకునే వెళ్ళిపోయాడు. నేను టోపీలు సంచీలో కుక్కాను. సంత ఇంకా రేపు కూడా ఉంది గానీ ఖాళీ బల్ల పక్కన కూర్చోవడం నా వల్ల కాదు. ఆర్డిస్ డబ్బా మూత పెట్టింది. బొమ్మల డబ్బా బరువుంటుంది. తన నడుము సంగతి నాకు తెలుసు. ఏటా నేను అడుగుతాను, ఏటా వద్దంటుంది, ఏటా తలుపు దాకా వాదించుకుని, ఆఖరికి చెరో పక్కా పట్టుకుంటాం.

"నేను మొయ్యనా?" అన్నాను.

"మొయ్యి," అంది.

ఇంకో రెండుసార్లు అడగడానికి సిద్ధంగా తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది నాకు. డబ్బా ఎత్తుకున్నాను. ఆర్డిస్ ఖాళీ చేతులతో నా ముందు నడిచింది.