నార్మల్ అన్న మాట

మేడిపల్లి పక్క ఊళ్లోని సబ్‌సెంటర్‌లో మంగళవారం బీపీ, షుగర్ గోలీలు ఇస్తారు. ఆ రోజు వరండాలో యాభై మందికి పైగా కూర్చున్నారు. నర్సు మాధవి ఒక్కతే ఉంది. మొగిలవ్వ చేతికి పట్టీ చుట్టి మిషన్ నొక్కింది. ఆరు నెలల కింద నూట తొంభై ఉన్న బీపీ నూట ముప్పైకి దిగింది.

"నార్మల్‌కు అచ్చింది పెద్దమ్మా. మంచిగున్నది."

"నిజంగనేనా బిడ్డా?"

"నిజమే," అని గోలీల షీటు చేతిలో పెట్టి, మాధవి తర్వాతి మనిషిని పిలిచింది.

గోలీల వల్లే దిగిందని, మానేస్తే మళ్లీ ఎక్కుతుందని చెప్పాల్సింది. మొదట్లో ఒకసారి చెప్పాను కదా అనుకుంది.

మొగిలవ్వ బీడీలు చుట్టి బతికే మనిషి. రోగం నయమైందనే ధీమాతో సిరిసిల్లలో ఉన్న బిడ్డ ఇంటికి వెళ్లింది. గోలీల షీటు గూట్లోనే ఉండిపోయింది. తర్వాతి నెల గోలీలకు రాలేదని ట్యాబ్‌లో ఆమె పేరు ఎర్రగా కనబడితే మాధవి ఆశా వర్కర్ సమ్మక్కను అడిగింది.

"సిరిసిల్లకు పోయింది. అచ్చినంక చెప్త," అంది సమ్మక్క.

మొగిలవ్వ తిరిగొచ్చింది. సమ్మక్క మరిచిపోయింది. మాధవి రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూనే ఉంది.

మూడో నెలలో ఒక ఉదయం, బీడీల కార్ఖానాలో కట్టలు అప్పజెప్పడానికి వరుసలో నిలబడ్డ మొగిలవ్వ చేతిలోంచి గంప జారింది. ఎత్తుకుందామని వంగి అక్కడే కూలబడింది. కోరుట్ల ఆసుపత్రికి తీసుకెళ్తే జగిత్యాల పొమ్మన్నారు. అక్కడ మెదడులో నరం చిట్లిందన్నారు. పద్దెనిమిది రోజులకు ఇంటికి తెచ్చారు. ప్రాణం దక్కింది గానీ కుడి చేయి, కుడి కాలు, మాట పోయాయి.

మాధవి వెళ్లేసరికి భర్త లచ్చయ్య ఆమెకు చెంచాతో జావ తాగిస్తున్నాడు. సగం మూతి పక్క నుంచి కారుతోంది. దస్తీతో తుడిచి, "కూసో సిస్టరమ్మా," అన్నాడు.

"గోలీలు ఎందుకు బంద్ చేసింది పెద్దబాపూ?"

"నువ్వే తక్కువైందన్నవట గద. ఎంత సంబురపడ్డదో. ఇగ గోలీల బాధ తప్పిందని నాలుగిండ్లకు చెప్పుకున్నది."

అతని గొంతులో కోపం లేదు. కోపమైతే మాధవి ఓర్చుకునేదే.

"తక్కువైంది గోలీలతోనే. ఏసుకున్నన్ని రోజులే తక్కువుంటది. బంద్ చేస్తే మల్ల ఎక్కుతది. నొప్పుండది, తెల్వది."

లచ్చయ్య చెంచా గిన్నెలో పెట్టాడు. "గీ మాట అప్పుడే చెప్తే అయిపోతుండె గద."

"చెప్పాల్సి ఉండె. చెప్పలే."

మంచంలోంచి మొగిలవ్వ ఇద్దరినీ చూస్తోంది. అంతా వింటోందని, అర్థమైందని ఆ కళ్లే చెబుతున్నాయి. నోరు తెరిచింది. శబ్దం వచ్చింది గానీ మాట కాలేదు. మాధవి తల దించుకుంది.

వెళ్లేముందు లచ్చయ్య బీపీ కూడా చూసింది. "నాకేంది, గట్టిగనే ఉన్న," అంటూనే అతను చేయి చాచాడు. రెండుసార్లు చూసినా నూట డెబ్బై దాటింది. డాక్టరుకు చూపించి గోలీలు మొదలుపెట్టాలంది.

"ఎన్ని రోజులు?"

"ఉన్నన్ని రోజులు."

లచ్చయ్య భార్య వైపు చూశాడు. "నేను పడితే దీనికి బుక్కెడు జావ పోసెటోళ్లు లేరు. అస్త తియ్."

పై మంగళవారం మాధవి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పింది. గోలీ ఎందుకో, మానితే ఏమవుతుందో వాళ్ల నోటితోనే మళ్లీ చెప్పించుకుంది. వరుస కదలడం లేదని వరండాలో గొణిగారు. మధ్యాహ్నం రెండు గంటలకు పదకొండు మంది గోలీలు తీసుకోకుండానే లేచి వెళ్లిపోయారు. వాళ్ల పేర్లు కాగితం మీద రాసుకుని, సంచీలో షీట్లు వేసుకుని, అన్నం తినకుండానే మాధవి మొదటి ఇంటి వైపు నడిచింది.